రిపోర్టులో వంకాయ ఉంది, వెల్లుల్లి లేదు

పేరు వద్దంటూ విజయవాడ దగ్గరి ఊరి నుంచి ఒకావిడ చాలా పెద్ద ఉత్తరం రాశారు. వయసు 38. ఇంటి ముందుగదిలో కర్రీ పాయింట్ నడుపుతారు. భర్త ఆటో తోలతారు. ఇంట్లో అత్తగారు, ఇంటర్ చదివే కూతురు, పక్క వాటాలో తోటికోడలి కుటుంబం. కిందటి వేసవిలో ఆవకాయ ఆర్డర్లు బాగా తీసుకున్నారట. ఆ హడావుడి అయిన కొన్నాళ్ళకి ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు కొసలు ఎర్రబడి, పొట్టు లేచి, పగుళ్ళు వచ్చాయి. ఉప్పు తగిలితే ప్రాణం పోతుందంటారు. మందుల షాపులో ఇచ్చిన క్రీమ్ రాసినన్నాళ్ళు తగ్గుతుంది, ఆపగానే మొదటికొస్తుంది.

అది అలా ఉండగానే దసరా తర్వాత ఒళ్ళంతా దద్దుర్లు మొదలయ్యాయి. సాయంత్రమో, పడుకునే వేళకో వస్తాయి, తెల్లారేసరికి గుర్తు కూడా ఉండదు, మర్నాడు ఇంకోచోట. రెండుసార్లు పెదవి వాచింది. ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు ఇంజెక్షన్ ఇస్తే నాలుగు రోజులు హాయిగా ఉండి ఐదో రోజు రెట్టింపుగా లేచాయి. ఎవరో చెబితే టౌన్‌లో ఒక ల్యాబ్‌కి వెళ్ళి, వేలు పోసి, రెండొందల పైచిలుకు పదార్థాలకు రక్తపరీక్ష చేయించుకున్నారు. వంకాయ, పాలు, గోధుమ, శనగపప్పు, వేరుశనగ, గుడ్డు, రొయ్య అన్నిటికీ ఎర్ర గుర్తులే. "పరీక్షకి ముందు ఇవన్నీ తింటూనే ఉన్నాను, తిన్నప్పుడు ఏమీ అయ్యేది కాదు" అని కూడా ఆవిడే రాశారు. అయినా రిపోర్టు చూసి భయపడి ఐదు నెలలుగా చారన్నం, బీరకాయ, సొరకాయతో బతుకుతున్నారు. బరువు తగ్గారు, మెట్లెక్కితే ఆయాసం. దద్దుర్లు మాత్రం తగ్గలేదు.

అత్తగారు రక్తం చెడిందని వేపాకు కషాయం తాగిస్తున్నారు, దద్దుర్లు లేచినప్పుడు గొంగళి కప్పి పడుకోబెడుతున్నారు. తోటికోడలు అంటుకుంటుందేమోనని పిల్లల్ని ఇటు రానివ్వడం లేదు. రోజూ వచ్చే ఖాతాదారు ఒకాయన ఈవిడ చెయ్యి చూసి కూర కట్టించుకోకుండానే వెళ్ళిపోయారు, అది ఆవిడకి బాగా గుచ్చుకుంది. భర్త షాపు మూసెయ్యమంటున్నారు. మధ్యలో ఎక్కడో ఒక వాక్యం ఉంది, రోజంతా నిలబడి నడుము పట్టేస్తే సాయంత్రం ఒక నొప్పి మాత్ర వేసుకుంటానని. చివరికి నాలుగు ప్రశ్నలు: నాకు అసలు దేని అలర్జీ? ఇంకా ఏ పరీక్ష చేయించుకోవాలి? షాపు మూసెయ్యాలా? ఇది మా అమ్మాయికి వస్తుందా?

అమ్మా, మీ చర్మం నేను చూడలేదు, కాబట్టి నేను చెప్పేదాన్ని ఖాయమైన నిర్ధారణ అనుకోకండి. కానీ మీ ఉత్తరంలో ఆ రిపోర్టులో కంటే ఎక్కువ సమాచారం ఉంది. మీరు, ల్యాబ్ వాళ్ళు, ఇంట్లోవాళ్ళు అందరూ దీన్ని ఒకే జబ్బు అనుకుని ఒకే కారణం కోసం వెతుకుతున్నారు. నాకు మాత్రం ఇవి రెండు వేర్వేరు జబ్బుల్లా కనిపిస్తున్నాయి. చేతిది ఒకటి, ఒంటి మీదది ఇంకొకటి. రెండూ ఒకే ఏడాదిలో మీ మీద పడడం మీ ఖర్మే తప్ప ఒకదానివల్ల ఇంకొకటి వచ్చిందనుకోవడానికి మీరు రాసినదాంట్లో ఆధారమేమీ కనిపించదు. ఇంకో సంగతి, మీరు వేలు పోసి చేయించుకున్న రక్తపరీక్ష ఈ రెండింటిలో దేనికీ సరిపోయేది కాదు.

దద్దుర్ల సంగతి ముందు చూద్దాం. చర్మంలో మాస్ట్ కణాలని ఉంటాయి, వాటిలో హిస్టమిన్ అనే పదార్థం నిండి ఉంటుంది. అది బయటికి వస్తే అక్కడి సన్నటి రక్తనాళాల నుంచి నీరు ఊరి చర్మం ఉబ్బుతుంది, దురద పెడుతుంది. అదే దద్దురు. ఆ ఉబ్బు లోపలి పొరల్లో వస్తే పెదవి, కనురెప్ప వాస్తాయి. ఇలా ఆరు వారాలు దాటి వస్తూ పోతూ ఉంటే దీర్ఘకాలిక దద్దుర్లు అంటారు. మీకు దసరా నుంచి ఉన్నాయంటే ఎప్పుడో దాటేసింది. ఇక్కడ జనం నమ్మడానికి ఇష్టపడని నిజం ఒకటుంది: ఇంతకాలం రోజూ వచ్చే దద్దుర్లకి తిండి కారణం కావడం చాలా అరుదు. చాలామందిలో బయటి కారణమేదీ దొరకదు, మన రోగనిరోధక వ్యవస్థే ఆ మాస్ట్ కణాలను రెచ్చగొడుతూ ఉంటుంది. తిండి అలర్జీ ఇలా దాగుడుమూతలు ఆడదు. రొయ్య పడనివాళ్ళకి తిన్న కొన్ని నిమిషాల్లోనో, మహా అయితే రెండు గంటల్లోనో తెలిసిపోతుంది, తిన్న ప్రతిసారీ తెలుస్తుంది. మధ్యాహ్నం వంకాయ కూర తిని ఏమీ కాకుండా కూరలన్నీ అమ్ముకుని రాత్రి పదింటికి దద్దుర్లొస్తే ఆ నేరం వంకాయ మీద వెయ్యలేం.

మరి రిపోర్టులో అన్ని ఎర్ర గుర్తులెందుకు అంటారా. ఆ పరీక్ష మామూలుగా ఐజీఈ అనే ప్రతిదేహాలను (యాంటీబాడీలను) కొలుస్తుంది. గోధుమకి ఐజీఈ ఉందంటే మీ శరీరం గోధుమని గుర్తుపట్టిందని మాత్రమే అర్థం, గోధుమ తింటే జబ్బు చేస్తుందని కాదు. తిని హాయిగా ఉన్నవాళ్ళలో కూడా ఇలాంటి పాజిటివ్‌లు బోలెడు వస్తాయి, రెండొందల పదార్థాలకు ఒకేసారి వల వేస్తే ఏవో కొన్ని పడక మానవు. ఇంకో విషయం, ఆ రిపోర్టు తీసి ఐజీఈ అని ఉందా, ఐజీజీ అనే ఇంకో రకం ప్రతిదేహం పేరు ఉందా చూడండి. ఐజీజీ అయితే ఇంకా అన్యాయం. మనం రోజూ తినే తిండికి ఐజీజీ ఉండడం మామూలే, అలర్జీ నిపుణుల సంఘాలు ఆ పరీక్షని తిండి అలర్జీ కోసం వాడొద్దనే చెబుతాయి. పరీక్షకి ముందు ఇవన్నీ తింటూనే ఉన్నానని మీరు రాసిన ఆ ఒక్క వాక్యం నా దృష్టిలో ఆ రిపోర్టు కంటే పెద్ద సాక్ష్యం. ఐదు నెలలు మానేసినా దద్దుర్లు ఆగకపోవడం రెండో సాక్ష్యం.

కాబట్టి పథ్యం విషయంలో మీ ముందు రెండు దారులు. ఇలాగే కొనసాగించొచ్చు, కానీ పాలు, పప్పు, గుడ్డు లేని తిండితో మీ ఆయాసం, నీరసం పెరుగుతాయే తప్ప తగ్గవు. మెట్లెక్కితే ఆయాసం అన్నారు చూడండి, రక్తహీనత ఉందేమో ముందు చూపించుకోండి. లేదా ఒక్కొక్కటే మళ్ళీ మొదలుపెట్టొచ్చు, రెండు మూడు రోజులకొకటి చొప్పున, పగటిపూట. పాలు, గోధుమ, పప్పు, వంకాయ దగ్గర మొదలుపెట్టండి. రొయ్య, వేరుశనగ, గుడ్డు మాత్రం, చాలాకాలం మానేశారు కాబట్టి, డాక్టరుతో ఒకమాట చెప్పి మొదలుపెట్టడం నయం. ఇందులో చిక్కేమిటంటే, మీకు దద్దుర్లు ఎలాగూ రోజూ వస్తున్నాయి, పాలు తాగిన రోజు కూడా వస్తాయి, ఇంట్లో ఎవరో ఒకరు "చూశావా, నేను చెప్పలా" అంటారు. అందుకే ముందు దద్దుర్లను మందుతో అదుపులోకి తెచ్చుకుని ఆ తర్వాత తిండి మొదలుపెడితే ఈ గొడవ ఉండదు. నేనైతే ఆ వరసే ఎంచుకుంటాను.

ఇప్పుడు ఆ నొప్పి మాత్ర. మీరు దాన్ని ఏదో మాటవరసకి రాశారు, నాకు మాత్రం అక్కడే కళ్ళు ఆగాయి. డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటి నొప్పి మాత్రలు దీర్ఘకాలిక దద్దుర్లు ఉన్నవాళ్ళలో కొందరికి దద్దుర్లను, పెదవి వాపును బాగా రెచ్చగొడతాయి. మీరు వేసుకునేది సాయంత్రం, దద్దుర్లు లేచేదీ సాయంత్రమే. అదే కారణమని ఒట్టేసి చెప్పను, చాలామందికి ఏ మాత్రా వేసుకోకపోయినా ఈ జబ్బు సాయంత్రాలే ఎక్కువవుతుంది. కానీ రెండు వారాలు ఆ మాత్ర ఆపి చూస్తే పైసా ఖర్చు లేకుండా తెలిసిపోతుంది. నడుముకి ఈలోగా పారాసెటమాల్ వేసుకోవచ్చు, చాలామందికి దానితో ఇబ్బంది ఉండదు. పెదవి వాచిందన్నారు కాబట్టి ఇంకో ప్రశ్న, బీపీకి ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటివేమైనా వాడుతున్నారా? వాటివల్ల కూడా పెదవి, నాలుక వాచొచ్చు. వాడుతుంటే మీ అంతట మీరు ఆపకుండా వెంటనే డాక్టరుకు చెప్పండి, మందు మారుస్తారు.

దద్దురు ఎంతసేపు ఉంటుందనేది డాక్టరుకి చాలా పనికొచ్చే విషయం. ఈ రాత్రి లేచినప్పుడు ఒకదాని చుట్టూ బాల్‌పెన్నుతో గీత గీసి ఫోన్‌లో ఫోటో తీసుకోండి. మర్నాడు అదే వేళకి చూడండి. మామూలు దద్దురు 24 గంటల్లో ఆ గీతలోంచి మచ్చ లేకుండా మాయమవుతుంది. అక్కడే ఒకటి రెండు రోజులు తిష్ఠ వేసి, దురద కంటే మంట, నొప్పి ఎక్కువుండి, పోయాక కమిలినట్టు మరక మిగిలితే అది రక్తనాళాల వాపు కావొచ్చు. దానికి చర్మం చిన్న ముక్క తీసి పరీక్ష చెయ్యాలి. మీరు తెల్లారేసరికి గుర్తు కూడా ఉండదన్నారు కాబట్టి ఆ అనుమానం నాకు తక్కువే. అయినా ఫోటోలు ఉంచుకోండి, ఎందుకంటే మీరు డాక్టరు దగ్గరికి వెళ్ళేది పొద్దున, అప్పటికి మీ ఒంటి మీద చూపించడానికి ఏమీ ఉండదు. దద్దుర్ల రోగులందరి గోడూ ఇదే.

మందు విషయానికొస్తే, దురద వచ్చినప్పుడు ఒకటి వేసుకుని తగ్గగానే మానెయ్యడం వల్ల ఈ జబ్బు లొంగదు. సెట్రిజిన్, లెవోసెట్రిజిన్, ఫెక్సోఫెనడిన్, బిలాస్టిన్ లాంటి కొత్త రకం మాత్రల్లో ఒకదాన్ని దద్దుర్లు ఉన్నా లేకపోయినా రోజూ వేసుకోవాలి, రెండు నుంచి నాలుగు వారాలు. చాలకపోతే డాక్టరు పర్యవేక్షణలో అదే మాత్ర మోతాదు నాలుగు రెట్ల దాకా పెంచొచ్చు, వైద్య మార్గదర్శకాలే ఆ మాట చెబుతాయి. అది విని మందుల షాపు అబ్బాయి కంగారు పడతాడేమో, అందుకే చీటీ మీద రాయించుకోండి. మీ అంతట మీరు మాత్రం పెంచకండి. సెట్రిజిన్‌తో కొందరికి మగతగా ఉంటుంది, మీరు మూకుడు ముందు నిలబడే మనిషి, రాత్రి వేసుకోవడం మంచిది. ఇంట్లో అందరికీ తెలిసిన అవిల్ లాంటి పాత రకాలు ఇంకా నిద్రమత్తు, వాటి జోలికి పోవద్దు. దీనికీ లొంగకపోతే ఒమలిజుమాబ్ అని నాలుగు వారాలకొక ఇంజెక్షన్ ఉంది, చాలామందిలో బాగా పని చేస్తుంది, ఖర్చు ఎక్కువ. అంతదాకా వెళ్ళాల్సిన అవసరం అందరికీ రాదు. ఈ జబ్బు సాధారణంగా రెండు నుంచి ఐదేళ్ళు ఉండి దానంతటదే పోతుంది, కొందరికి ముందే పోతుంది. అప్పటిదాకా మందుతో అణచిపెట్టి ఉంచడమే వైద్యం. పరీక్షలంటారా, రక్తకణాల లెక్క, ఒంట్లో వాపు ఉందేమో చూసే ఈఎస్‌ఆర్ లేదా సీఆర్‌పీ, థైరాయిడ్ చాలు. ఈ దద్దుర్లున్నవాళ్ళలో థైరాయిడ్ సమస్య మామూలు జనం కంటే ఎక్కువగా కనిపిస్తుంది, మీకు నీరసం కూడా ఉంది కాబట్టి అది తప్పకుండా చూపించుకోండి.

ఆర్‌ఎంపీ గారి ఇంజెక్షన్ ఏమిటో మీరు రాయలేదు, నాలుగు రోజుల్లో మాయం, ఐదో రోజు రెట్టింపు అనే తీరు చూస్తే స్టెరాయిడ్ అయ్యుంటుందని నా అనుమానం. స్టెరాయిడ్ విషమేమీ కాదు, ఒళ్ళంతా వాచి ఉన్నప్పుడు కొద్దిరోజులు డాక్టర్లే ఇస్తారు. కానీ దాన్ని నెలనెలా పొడిపించుకుంటూ పోతే షుగరు, బీపీ, ఎముకల గుల్లతనం, మొహం ఉబ్బడం, ఇవన్నీ ఒక్కొక్కటిగా వస్తాయి, దద్దుర్లు మాత్రం ఎక్కడికీ పోవు. లేబుల్ లేని పొట్లాల్లో ఇచ్చే పొడుల్లో కూడా ఒక్కోసారి అదే కలుపుతారు, రెండు రోజుల్లో అద్భుతంగా తగ్గిందంటే సంతోషించే ముందు కాస్త అనుమానించాలి. ఇప్పటికే చాలాసార్లు వేయించుకుని ఉంటే డాక్టరుకు దాచకుండా చెప్పండి. ఇక గొంగళి. పెద్దావిడ ప్రేమతోనే కప్పుతున్నారు, కానీ వేడి, ఒరుపు ఈ రెండూ దద్దుర్లను పెంచుతాయి. చల్లటి తడిగుడ్డ, వదులైన నూలుబట్ట హాయి.

ఒక్క విషయంలో మాత్రం ఆలోచిస్తూ కూర్చోవద్దు. నాలుక వాచినా, గొంతు పట్టేసినట్టున్నా, మాట బొంగురుపోయినా, ఊపిరి ఆడకపోయినా, కళ్ళు తిరిగి పడిపోయేలా ఉన్నా వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.

ఇప్పుడు చెయ్యి. అసలు మీ ఉత్తరంలో నాకు బాగా ఆసక్తి కలిగించింది ఇదే. చర్మ అలర్జీల్లో ఒంటి మీద మచ్చ ఎక్కడుందనేది సగం జవాబు చెప్పేస్తుంది. కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు, ఆరుబయట తిరిగే మనిషి అయితే డాక్టరు వయ్యారిభామ మొక్క గురించి అడుగుతారు, దాని పొడి గాల్లో ఎగిరి వచ్చి తగులుతుంది. స్టిక్కర్ బొట్టు పెట్టుకునే చోట గుండ్రంగా వస్తే జిగురు. చెవి తమ్మెలు, జీన్స్ గుండీ తగిలే బొడ్డు కింది చోటు అయితే నికెల్. నుదుటి అంచు, చెవుల వెనక అయితే జుట్టు రంగు. మరి ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు కొసలంటే? కుడిచేత్తో కత్తి పట్టుకుని ఎడమచేతి మూడు వేళ్ళ మధ్య వంటింట్లో రోజూ మనం పట్టుకునేది ఏమిటో ఒకసారి చేసి చూడండి. వెల్లుల్లి రెబ్బ. చర్మవైద్యంలో పేరుపడ్డ గుర్తు ఇది, వంటవాళ్ళ చేతుల్లో ఎన్నోసార్లు చూసిందే. వెల్లుల్లిలో ఉండే డైఅల్లైల్ డైసల్ఫైడ్ అనే గంధకపు పదార్థం పడకపోతే సరిగ్గా ఈ మూడు కొసలూ ఎండి, పగిలి, నొప్పెడతాయి.

ఆవకాయ తర్వాత మొదలైందన్నారు కాబట్టి మామిడి సొన కూడా అనుమానితుల్లో ఉంటుంది, మామిడిది జీడి కుటుంబమే, ఆ సొన చాలామందికి పడదు. కానీ మామిడికాయ కొట్టడం ఆ కొద్దిరోజులతో అయిపోయింది, మీ వేళ్ళు మాత్రం ఇన్ని నెలలైనా మానలేదు. అంటే ఇంకా రోజూ తగులుతున్నదేదో ఉంది. కేజీలకు కేజీలు వెల్లుల్లి ఒలిచినప్పుడు మొదలై, ఆ తర్వాత రోజూ కూరల కోసం ఒలిచే పావుకేజీతో కొనసాగుతూ ఉండొచ్చు. మరి రక్తపరీక్షలో ఎందుకు దొరకలేదంటే, తగిలితే వచ్చే ఈ రకం అలర్జీలో ఐజీఈ పాత్ర లేదు. దీన్ని నడిపేవి టీ కణాలనే ఒక రకం తెల్ల రక్తకణాలు, అవి నింపాదిగా పనిచేస్తాయి. ఇవాళ తగిలితే రేపో ఎల్లుండో చర్మం లేస్తుంది, అందుకే మీరు వెల్లుల్లిని అనుమానించలేకపోయారు. ఎంత రక్తం తీసినా ఈ అలర్జీ అందులో కనిపించదు.

దీనికి తగిన పరీక్ష ప్యాచ్ టెస్ట్. కొత్తదేం కాదు, 1895లో యోజెఫ్ యాడసోన్ అనే జర్మన్ చర్మవైద్యుడు మొదలుపెట్టాడు, ఇప్పటికీ దానికి సాటి వచ్చింది లేదు. అనుమానమున్న పదార్థాలను చిన్న చిన్న గిన్నెల్లాంటి పట్టీల్లో పెట్టి వీపు మీద అంటిస్తారు, 48 గంటల తర్వాత తీసి చూస్తారు, మళ్ళీ నాలుగో రోజు చూస్తారు, ఒక్కోసారి వారానికి ఇంకోసారి. అన్నాళ్ళూ వీపు తడవకూడదు, చెమట పట్టకూడదు. పొయ్యి ముందు పనిచేసే మీకు ఎండాకాలంలో ఇది నరకమే, చలికాలంలో పెట్టుకోగలిగితే మంచిది. పరీక్షకి ముందు కొన్ని వారాలు స్టెరాయిడ్ మాత్రలు, ఇంజెక్షన్లు ఉండకూడదు, ఫలితం తప్పొస్తుంది. సెట్రిజిన్ రకం మాత్రలు మామూలుగా అడ్డుకావు. రెండు మూడుసార్లు తిరగాలి, ఓపిక కావాలి, బహుశా అందుకే దీన్ని ఎవరూ ప్యాకేజీలు పెట్టి అమ్మరు. అన్నిచోట్లా చెయ్యరు, మెడికల్ కాలేజీ ఆస్పత్రుల చర్మ విభాగాల్లో అడగండి. మామూలు పట్టీల్లో వెల్లుల్లి పదార్థం ఉండకపోవచ్చు, మీ పని గురించి చెప్పి ప్రత్యేకంగా పెట్టమనండి. ఇది చదివి ఇంట్లో వెల్లుల్లి నూరి చర్మానికి కట్టు కట్టి చూసుకుందామనుకునేవాళ్ళు కొందరుంటారు. దయచేసి వద్దు. పచ్చి వెల్లుల్లి అలర్జీ లేనివాళ్ళ చర్మాన్ని కూడా కాల్చి బొబ్బలెక్కిస్తుంది.

ప్యాచ్ టెస్ట్ కంటే ముందు చెయ్యాల్సిన చిన్న పని ఒకటుంది. ఒక్క చేతికే వచ్చిందంటే తామర కాదని తేల్చుకోవాలి. తామరకి ఒక అలవాటుంది, రెండు పాదాలకీ ఒక అరచేతికీ వస్తుంది. మీ పాదాలు, వేళ్ళ సందులు, గోళ్ళు ఒకసారి చూసుకోండి. ఆ చర్మం పొట్టు కాస్త గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపులో చూస్తే అప్పటికప్పుడు తెలిసిపోతుంది, పెద్ద ఖర్చు కూడా కాదు. మీరు వాడుతున్న ఆ క్రీమ్ డబ్బా మీద ఏముందో చదవండి. క్లోబెటసాల్ లేదా బెక్లోమెథసోన్, దానితోపాటు ఒక తామర మందు, ఒక యాంటీబయాటిక్ కలిపి ఉంటే అది మన దేశంలో తామరని మొండి చేసిన రకం. పైపైన ఎరుపు తగ్గిస్తుంది, లోపల బూజు పాకుతూనే ఉంటుంది. దాన్ని వెంటనే ఆపి, ఆ డబ్బా పట్టుకెళ్ళి డాక్టరుకు చూపించండి.

వీటిలో ఏదీ తేలకపోవచ్చు కూడా. ప్యాచ్ టెస్ట్ నెగెటివ్ వస్తే మిగిలేది రాపిడి వల్ల, సబ్బుల వల్ల, రోజంతా తడిలో నానడం వల్ల వచ్చే చర్మపు వాపు. నిజానికి చేతుల విషయంలో అలర్జీ కంటే ఇదే ఎక్కువ. అంట్ల సబ్బు, నిమ్మరసం, పచ్చిమిర్చి, ఆవపిండి, అన్నీ మీ చేతి మీదుగానే వెళ్తాయి కదా.

మరి షాపు? మీ ఆయన చెప్పినట్టు మూసేస్తే చెయ్యి బహుశా తగ్గుతుంది, కానీ ఇంట్లో వంట ఉండనే ఉంది, అక్కడా వెల్లుల్లి ఉంటుంది, ఆదాయం మాత్రం పోతుంది. కారణమేంటో తెలియకుండా మూసేస్తే రేపు మళ్ళీ తెరిచిన నెలలో మొదటికొస్తుంది. రెండో దారి, ప్యాచ్ టెస్ట్ దొరికేలోపే ఐదారు వారాలు మీరు వెల్లుల్లి ముట్టుకోకుండా షాపు నడపడం. వేరే ఎవరైనా ఒలిచి, మిక్సీ వేసి సీసాలో పెడితే మీరు గరిటెతో తీసుకుని వెయ్యడమే. కషాయం కాసే సమయంలో అత్తగారు ఆ వెల్లుల్లి ఒలిచిపెడితే మీకు ఎక్కువ మేలు. ఒలిచిన వెల్లుల్లి కొనుక్కోవచ్చు గానీ తరిగేది కూడా మీరు కాకూడదు. తొడుగులు వేసుకుంటే సరిపోదా అనిపిస్తుంది, కానీ ఆ పదార్థం మామూలు తొడుగుల్లోంచి కూడా లోపలికి చొరబడుతుంది, వాటిని నమ్ముకోవద్దు. అంట్లకీ సబ్బుకీ మాత్రం తొడుగులు మంచివే, లోపల నూలు తొడుగు వేసుకుంటే చెమటకి నానకుండా ఉంటుంది. చెయ్యి కడిగిన ప్రతిసారీ వాసెలిన్ రాయండి. డాక్టరు ఇచ్చే స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ చెప్పినన్ని వారాలు రాసి ఆపండి. చర్మం మానడానికి వారాలు పడుతుంది, వారంలో తేడా లేదని వదిలెయ్యకండి. పరీక్షలో వెల్లుల్లే అని తేలితే మాత్రం ఆ ముట్టుకోకపోవడం జీవితాంతం ఉండేదే, ఇలాంటి అలర్జీ ఒకసారి వస్తే పోదు. ఉడికిన వెల్లుల్లి తినడంతో చాలామందికి ఇబ్బంది ఉండదు. తిన్నప్పుడల్లా వేళ్ళు ఎక్కువవుతున్నాయనిపిస్తే అది డాక్టరుకు చెప్పండి.

మధ్యలో మూడో దారి, పగుళ్ళు మానేదాకా రెండు మూడు వారాలు సెలవు తీసుకోవడం. ఇది మీకు ఇష్టం లేకపోయినా ఒక సందర్భంలో తప్పదు. పగుళ్ళలోంచి రసి కారుతున్నా, చీము పట్టినా ఆ చేత్తో పదిమందికి వండకూడదు, ఆ పుండులోని సూక్ష్మజీవులు కూరలోకి వెళ్తాయి. వెళ్ళిపోయిన ఆ ఖాతాదారు మీద కోపం వద్దు, ఆయన భయంలో పిసరంత న్యాయం ఉంది.

తోటికోడలి భయంలోనూ ఉంది, కాబట్టి ఆమెతో పోట్లాడే ముందు ఆ పొట్టు పరీక్ష చేయించండి. దద్దుర్లు అంటవు, వెల్లుల్లి అలర్జీ అంటదు. తామర అంటుతుంది, గజ్జి అంటుతుంది. గజ్జి అయితే ఇంట్లో ఇంకొకరికి కూడా రాత్రిళ్ళు దురద ఉండేది, మణికట్టు దగ్గర, వేళ్ళ సందుల్లో, బొడ్డు చుట్టూ చిన్న పొక్కులుండేవి. మీరు అలాంటివేమీ రాయలేదు. పరీక్షలో తామర లేదని వస్తే ఆ చీటీ ఆమెకే చూపించండి, మాటలకంటే అది నయం.

ఇక మీ అమ్మాయి. ఒక పదార్థం తగిలితే పడకపోవడం తల్లి నుంచి బిడ్డకు రాదు, రోజూ ముట్టుకోగా ముట్టుకోగా వచ్చేది అది. మీ దద్దుర్లు కూడా ఆమెకి వస్తాయని ఇప్పటినుంచే దిగులుపడక్కర్లేదు. వంశంలో వచ్చేది వేరే ఉంది: చిన్నప్పుడు మోచేతి, మోకాలి మడతల్లో పొడిబారి దురదపెట్టే ఎగ్జిమా, దానితోపాటు ఆయాసం, పొద్దున్నే తుమ్ములు. అవి ఆమెకి ఉండి ఉంటే ఆమె చర్మం సున్నితమైంది, అలాంటివాళ్ళకి చేతుల ఎగ్జిమా త్వరగా వస్తుంది, అంట్ల పనిలోనూ రేపు చదివే చదువు నర్సింగ్ లాంటిదైతే అందులోనూ చేతులు జాగ్రత్తగా చూసుకోవాలి. అవేవీ లేకపోతే ఆమె కోసం మీరు చెయ్యాల్సింది ఏమీ లేదు. ముందుజాగ్రత్త పేరుతో ఆమెకి ఆ రెండొందల పదార్థాల పరీక్ష మాత్రం చేయించకండి, ఆ ల్యాబ్ వాళ్ళు ఫ్యామిలీ ప్యాకేజీలో సగం ధరకే అని ఫోన్ చేసినా సరే.